ఇంటింటికీ చెవి పంపాల్సిన తాళం

(హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో కేబుల్ ఆపరేటర్లు, టెక్నీషియన్లు, ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి.

నేను కేబుల్ పనిలోకి 1996లో వచ్చాను. మొదట స్తంభాలెక్కి వైరు లాగాను. తర్వాత చాలా ఏళ్లు కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నాను. ఇప్పుడు కొత్తగా చేరే టెక్నీషియన్లకు పని నేర్పుతున్నాను. ఎక్కడికి పోయినా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "వేల కోట్లు పోసి ప్రసార హక్కులు కొన్న కంపెనీలు, హక్కు లేకుండా మ్యాచ్ చూపిస్తూ ఫోన్లో తిరిగే ఒక దొంగ లింకును ఆపలేవా అన్నా?" అని. న్యాయమైన ప్రశ్నే. ఐపీఎల్ చూడండి. 2023 నుంచి 2027 దాకా ఐదు సీజన్ల హక్కులు మొత్తం 48,390 కోట్లకు పోయాయి. అందులో మన దేశంలో టీవీ హక్కుల వాటా 23,575 కోట్లు. మ్యాచ్‌కు 57.5 కోట్లు. అంత డబ్బు పెట్టినవాడు దొంగతనం చూసి ఊరుకుంటాడా? ఊరుకోవడం లేదు. ఆపాలని గట్టిగానే చూస్తున్నాడు. అయినా ఆగడం లేదు. ఎందుకో ఈ పూట చెప్పుకుందాం.

ముందు తాళం సంగతి. ఇంటికి తాళం వేసుకుంటే తాళంచెవి మన దగ్గరే ఉంటుంది. పే ఛానెల్‌కు వేసే తాళం అట్లా కాదు. ఉపగ్రహం నుంచి దిగే సిగ్నల్ అందరికీ ఒకటే. నెలనెలా డబ్బు కట్టే ఇంటి మీదా అదే పడుతుంది, కట్టని ఇంటి మీదా అదే పడుతుంది. కేబుల్లోనూ అంతే, ఒకే తీగ వీధి వీధంతా పోతుంది. కట్టినవాళ్లకే కనిపించాలంటే బొమ్మను గజిబిజి చేసి పంపాలి. దాన్ని సరిచేసే చెవిని కట్టినవాళ్లకు మాత్రం ఇవ్వాలి. అంటే లక్షల ఇళ్లకు చెవి పంపాలి. పంపాక ఆ చెవి ఉన్న బాక్సు మన చేతిలో ఉండదు. ఎవరింట్లోనో టీవీ కింద ఉంటుంది. రాత్రి పన్నెండింటికి తలుపేసుకుని దాని స్క్రూలు విప్పితే చూసేవాళ్లెవరు? కష్టమంతా ఇక్కడే మొదలవుతుంది. లక్షల మందిలో ఒక్కడు మోసం చేసినా చాలు. కంపెనీ మాత్రం లక్షల మందినీ కాచుకోవాలి.

పిల్లలు రాసుకుంటున్నారు కాబట్టి కాస్త లోపలికి పోతాను. బొమ్మను విప్పే ఆ చెవిని మా పనిలో కంట్రోల్ వర్డ్ అంటాం. అది సుమారు పది సెకన్లకోసారి మారిపోతుంది. మీరు నాలుగు నిమిషాల పాట చూస్తే ఆ కాసేపట్లో ఇరవై నాలుగు చెవులు మారతాయి, మీకు తెలియను కూడా తెలియదు. కొత్త చెవి కూడా బొమ్మతో పాటే, ఇంకో తాళం వేసుకుని వస్తుంది. ఆ రెండో తాళం తీసేది స్మార్ట్ కార్డు, కార్డు లేని బాక్సయితే లోపలి చిప్పు. మీ రీచార్జ్ ఉందా, ఏ ప్యాక్ కట్టారు, అన్నీ అది చూసుకుని, ఉంటేనే చెవిని బయటికిస్తుంది.

ఆ కంట్రోల్ వర్డ్ సైజు ఎంతో తెలుసా? 8 బైట్లు. ఫోన్లో తెలుగులో "అమ్మ" అని కొట్టండి. అ ఒకటి, మ ఒకటి, పొల్లు ఒకటి, మళ్లీ మ ఒకటి. ఒక్కోదానికి 3 బైట్లు చొప్పున మొత్తం 12. అంటే కోట్ల రూపాయల మ్యాచ్‌ను కాపాడే తాళంచెవి "అమ్మ" అన్న మాటకన్నా చిన్నది. అంత చిన్నది కాబట్టే దాన్ని దొంగిలించి పంపడం తేలికైంది. ఒకడు పద్ధతిగా డబ్బు కట్టి కనెక్షన్ తీసుకుంటాడు. కార్డు బయటికి తీసి కంప్యూటర్‌కు తగిలిస్తాడు. కార్డు పది సెకన్లకోసారి విప్పి ఇచ్చే ఆ 8 బైట్లను ఇంటర్నెట్‌లో వందల ఇళ్లకు వదులుతాడు. అవతల డిష్ ఉంది, సిగ్నల్ పడుతూనే ఉంది, వాళ్లకు కావాల్సింది చెవి ఒక్కటే. నెట్ ఎంత నెమ్మదిగా ఉన్నా అది వెళ్లిపోతుంది. దీన్నే కార్డ్ షేరింగ్ అన్నారు. యూరప్‌లో ఏళ్ల తరబడి కంపెనీలకు ఇదే తలనొప్పి. అక్కడ కార్డును ఎవరూ పగలగొట్టలేదు. కార్డు దాని పని అది నిజాయితీగానే చేస్తోంది.

దీనికి కంపెనీలు మందు కనిపెట్టాయి. కార్డును ఒకే బాక్సుకు ముడివేశారు. చెవిని కార్డు విప్పినా, అది బాక్సు చిప్పు లోపలే తెరుచుకునేట్టు చేశారు. మంచి బాక్సుల్లో ఈ పద్ధతి బాగా పనిచేసింది, కాదనను. మన దగ్గర డిజిటల్‌కు మారే హడావుడిలో మంచి తాళాలతో పాటు చవక తాళాలూ వచ్చిపడ్డాయి. వాటిని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలన్న నిబంధన, టీవీ, టెలికాం రంగాలను నియంత్రించే ట్రాయ్ నుంచి వచ్చేసరికి 2021 అయింది. అప్పటికే మన హైదరాబాద్ ఇళ్లలో బాక్సులు పాతబడ్డాయి.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. అమెరికాలో డైరెక్‌టీవీ అనే డీటీహెచ్ కంపెనీకి జరిగింది ఇదే. వాళ్ల కార్డుల్ని దొంగలు తిరగరాసి, అన్ని ఛానెళ్లూ వచ్చేట్టు చేసి అమ్ముకున్నారు. కంపెనీ ఉపగ్రహం నుంచి కోడు పంపి ఆ కార్డుల్ని చంపేది. దొంగలు రెండు మూడు రోజుల్లో బతికించేవాళ్లు. ఇట్లా ఏళ్లు నడిచింది. చివరికి కంపెనీ ఇంజినీర్లు ఓపిగ్గా ఒక పని చేశారు. వారాల తరబడి చిన్న చిన్న ముక్కలు, చూస్తే ఏ అర్థమూ లేనివి, కార్డుల్లోకి పంపుతూ పోయారు. దొంగలు కూడా వాటిని తమ కార్డుల్లోకి ఎక్కించుకోక తప్పలేదు, లేకపోతే బొమ్మ రాదు. అన్నీ చేరాక ఆ ముక్కలు కలిసి ఒక ప్రోగ్రాం అయ్యాయి. 2001 జనవరి 21, ఆదివారం రాత్రి. ఇంకో వారంలో సూపర్ బౌల్, వాళ్లకు మన ప్రపంచ కప్ ఫైనల్ లాంటిది. ఆ రాత్రి ఒక్క దెబ్బకు దొంగ కార్డులు కుప్పకూలాయి. కార్డులో ఒకసారి రాస్తే చెరగని చోట, మొదటి 8 బైట్లలో, "గేమ్ ఓవర్" అన్న ఇంగ్లిష్ అక్షరాలు రాసి పెట్టారు. మా పనివాళ్లు ఆ కథ ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. నేనూ అంతే.

కానీ ఆ తర్వాత ఏమైంది? దొంగలు చచ్చిన కార్డుల్ని కూడా లేపే పరికరాలు తయారు చేశారు. అసలు ఉపశమనం పాత కార్డులన్నీ మార్చి కొత్తవి ఇచ్చాకే వచ్చింది. అంటే నిజాయితీగా కట్టే లక్షల మంది ఇళ్లకు కొత్త కార్డులు పోస్టులో పంపాలి. ఆ ఖర్చు ఎవరిది? ఇంకో తప్పు కూడా చేశారు. కార్డులు రాసే మిషన్లు కొన్నవాళ్ల జాబితా దొరికిందని వేల మంది మీద కేసులు వేశారు. అందులో ఆ మిషన్‌ను వేరే పనికి కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. మొదట ఉత్తరం వచ్చేది, ఇంత కట్టు, లేదా కోర్టుకు రా అని. జనం కంపెనీని తిట్టుకున్నారు. చూసేవాళ్లను కోర్టుకు లాగి ఏ టీవీ కంపెనీ బాగుపడిందో నేను చూడలేదు.

ఇదంతా పాత కాలపు యుద్ధం. ఇప్పుడు దొంగకు తాళం జోలికి పోవాల్సిన అవసరమే లేదు.

బాక్సు వెనక హెచ్‌డీఎంఐ కన్నం ఉంటుంది కదా. అప్పటికి తాళాలన్నీ తీసేసి, శుభ్రమైన బొమ్మ అందులోంచి టీవీకి పోతుంది. ఆ తీగ మీద కూడా ఒక తాళం ఉంది, హెచ్‌డీసీపీ అంటారు. దాని మూల తాళంచెవి 2010 సెప్టెంబర్‌లో బయటపడి ఇంటర్నెట్‌లో అందరికీ దొరికింది. అది లేకపోయినా, ఒక తీగలో బొమ్మను రెండు తీగలకు పంచే చవక స్ప్లిటర్లు కొన్ని ఆ తాళాన్ని మధ్యలోనే వదిలేస్తాయి. స్ప్లిటర్ నుంచి బొమ్మను నెట్‌లో పంపే రూపంలోకి మార్చే ఎన్‌కోడర్, ఎన్‌కోడర్ నుంచి ఇంటర్నెట్, అక్కడి నుంచి ఎక్కడో విదేశంలో అద్దెకు తీసుకున్న సర్వర్. ఒక బల్ల మీద పట్టే సామాను. బాక్సుకు మాత్రం ఏ అనుమానమూ రాదు, దాని లెక్కలో ఒక టీవీ తగిలించి ఉంది, ఒక కస్టమర్ చూస్తున్నాడు, రీచార్జ్ ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. ఈ దొంగ డబ్బు కట్టిన కస్టమరే.

(సభలోంచి ఒకరు: "మరి స్క్రీన్ మీద నంబర్ వస్తుంది కదా సార్?")

వస్తుంది. మంచి మాట గుర్తు చేశావు తమ్ముడూ. మీరందరూ చూసే ఉంటారు. సీరియల్ మంచి పట్టులో ఉన్నప్పుడు, ముఖం మీదో మూలకో ఒక నంబర్ రెండు క్షణాలు మెరిసి పోతుంది. ఇళ్లలో దాన్ని చూసి టీవీ పాడైందని మాకు ఫోన్లు చేస్తుంటారు. అది ఫింగర్‌ప్రింట్. ఆ బాక్సు నంబరే స్క్రీన్ మీద వస్తుంది. ట్రాయ్ నిబంధనల ప్రకారం అది రిమోట్ నొక్కితే పోకూడదు, ఒకే చోట రాకూడదు, కంటికి కనపడనిది కూడా ఒకటి ఉండాలి. దొంగ లింకులో ఆ నంబర్ కనిపిస్తే ఏ బాక్సు నుంచి పోతోందో తెలిసిపోతుంది. పుస్తకంలో ఇంత వరకే ఉంటుంది. నేను ఒక రాత్రి దాన్ని వాడి చూశాను. అది చెప్తాను.

ఏ కంపెనీలో అన్నది వద్దు. మ్యాచ్ రాత్రి. నా ముందు మా సొంత సిగ్నల్ చూపే మానిటర్, చేతిలో ఫోన్, ఫోన్లో దొంగ లింకు. లింకు మనకన్నా దాదాపు నలభై సెకన్లు వెనక వస్తోంది. మానిటర్‌లో వికెట్ పడి బ్యాటర్ పెవిలియన్ చేరాక, ఫోన్లో బౌలర్ పరుగు మొదలుపెడుతున్నాడు. నంబర్ వదిలాం. మానిటర్‌లో కుడి పక్క కింద వచ్చింది. నలభై సెకన్లు ఫోన్ మీద కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. అక్కడ నల్ల పట్టీ వచ్చింది. నంబర్ వచ్చే చోటు వాళ్లకు ముందే తెలుసు, కప్పేశారు. చోటు మార్చి మళ్లీ వదిలాం. ఈసారి స్కోర్ పక్కన. మసక చేశారు. మూడోసారి స్క్రీన్ మధ్యలో, గ్రౌండ్ పచ్చదనం మీద, తక్కువసేపు వదిలాం. అప్పుడు దొరికింది. స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు నా చెయ్యి వణికింది, నిజంగా చెప్తున్నా. చివరి రెండు అంకెలు సరిగా కనపడలేదు. ఇంకోసారి వదిలితే అవీ దొరికాయి.

ఆ నంబర్ సిస్టంలో కొట్టాం. ఉప్పల్ వైపు ఒక ఇంటి అడ్రస్, ఒక ఆడమనిషి పేరు. అక్కడికక్కడే బాక్సు ఆపేశాం. ఫోన్లో లింకు నల్లబడింది. గదిలో మా కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. నేను మనసులో పదకొండు దాకా లెక్కపెట్టి ఉంటాను, లింకు మళ్లీ వచ్చింది. కామెంటరీ ఇంగ్లిష్ నుంచి హిందీకి మారింది, అంతే తేడా. వేరే కంపెనీ బాక్సును సిద్ధంగా పెట్టుకున్నారు. అది మా చేతిలో లేనిది. మ్యాచ్ ఇంకా తొమ్మిది ఓవర్లుంది.

ఆ ఇంటి సంగతి తర్వాత చెప్తాను.

అసలు ఆట ఇక్కడ టైమ్‌తో. సినిమా అయితే సర్వర్‌లో నిలవ ఉంటుంది, ఈ రోజు కాకపోతే ఎల్లుండైనా తీయించవచ్చు, కొంత నష్టం ఆపినట్టే. 2025 నవంబర్‌లో ఐబొమ్మ వ్యవహారంలో మన హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు కూకట్‌పల్లిలో ఒకరిని అరెస్టు చేశారు కదా, టీకొట్ల దగ్గర ఎన్నో రోజులు అదే మాట. అట్లా వెతుక్కుంటూ పోయి పట్టుకోవడానికి సినిమాలో టైమ్ ఉంటుంది. లైవ్ మ్యాచ్ అట్లా కాదు. మూడున్నర, నాలుగు గంటలు. ఆఖరి బంతి పడ్డాక దాని ధర పడిపోతుంది. కంపెనీ 57 కోట్లు పెట్టింది ఆ నాలుగు గంటల కోసం. మన కాపీరైట్ నిబంధనలు చూడండి. ఫిర్యాదు అందిన తర్వాత ఆ లింకును తీయడానికి వెబ్‌సైట్ నడిపేవాళ్లకు 36 గంటల గడువుంది. గడువు తప్పు అనను, అవతలివాళ్లు కూడా ఫిర్యాదు నిజమో కాదో చూసుకోవాలి. కానీ 36 గంటల్లో తొమ్మిది మ్యాచ్‌లు ఆడుకోవచ్చు.

అందుకని మ్యాచ్ నడుస్తుండగానే ఆపే ఆర్డర్లు కోర్టులు ఇవ్వడం మొదలైంది. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ప్రీమియర్ లీగ్ 2017 మార్చిలో అట్లాంటి ఆర్డర్ తెచ్చుకుంది. మ్యాచ్ టైమ్‌లో దొంగ సర్వర్లను కనిపెట్టగానే ఇంటర్నెట్ కంపెనీలు ఆపాలి. ఢిల్లీ హైకోర్టు 2019 ఏప్రిల్‌లో డైనమిక్ ఇంజంక్షన్ ఇచ్చింది. ఒక సైట్‌ను ఆపితే అదే సరుకుతో ఇంకో పేరు మీద వచ్చే సైట్‌కు మళ్లీ కొత్త కేసు వేయక్కర్లేకుండా చేసింది. మంచి అడుగు. ఇటలీ వాళ్లు ఇంకా ముందుకు పోయారు. 2024 ఫిబ్రవరిలో పైరసీ షీల్డ్ అని పెట్టారు, ఫిర్యాదు పెట్టిన 30 నిమిషాల్లో ఆపాలి. అదే ఏడాది అక్టోబర్‌లో ఒక శనివారం రాత్రి ఆ షీల్డ్ గూగుల్ డ్రైవ్‌ను ఆపేసింది. ఆఫీసు ఫైళ్లు, పిల్లల చదువు కాగితాలు దాచుకున్నవాళ్లు ఏం పాపం చేశారు? దొంగ సర్వర్, మంచి సర్వర్ ఒకే అడ్రస్ వెనక ఉంటున్నాయి ఈ రోజుల్లో. ఒకే అపార్ట్‌మెంట్‌లో దొంగ ఉన్నాడని మొత్తం అపార్ట్‌మెంట్‌కు కరెంటు తీసేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. త్వరగా చేస్తే తప్పు జరుగుతుంది, తప్పు లేకుండా చేస్తే మ్యాచ్ అయిపోతుంది. ఈ చిక్కుకు ఇప్పటిదాకా ఎవరి దగ్గరా శుభ్రమైన జవాబు నేను చూడలేదు.

చట్టం లేదని మాత్రం అనకండి. 2002లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ జరిగేటప్పుడు టెన్ స్పోర్ట్స్ ఛానెల్ వాళ్లు ఢిల్లీ హైకోర్టుకు పోయారు. లైసెన్సు లేకుండా మ్యాచ్‌లు చూపే కేబుల్ ఆపరేటర్లు ఎవరో పేర్లు తెలియవు, ఊళ్లు తెలియవు. పేరు తెలియని వాళ్ల మీదే కోర్టు ఆర్డర్ ఇచ్చింది. మన దేశంలో అట్లాంటి ఆర్డర్ అదే మొదటిది. తర్వాత వాటికి అశోక్ కుమార్ ఆర్డర్లన్న పేరు వచ్చింది, పేరు తెలియనివాడికి పెట్టుకున్న పేరు అది. 2012లో కాపీరైట్ చట్టం మార్చి, తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలని పెట్టారు. మన తెలంగాణలో 2016లోనే మేధో సంపత్తి నేరాలకు ప్రత్యేక విభాగం, టిప్‌కు అని పెట్టారు. చట్టం ఉంది. ఉప్పల్‌లో కూర్చున్న కుర్రాడి దాకా చట్టం వస్తుంది. సర్వర్ ఒక దేశంలో, డొమైన్ ఇంకో దేశంలో, డబ్బు క్రిప్టోలో మూడో చోట ఉన్నప్పుడు ఎవరి దాకా వస్తుంది?

ఇంకో దేశం కావాలని కళ్లు మూసుకుంటే అసలేం చేయలేం. 2017లో సౌదీ అరేబియా, ఖతార్ మధ్య సంబంధాలు తెగిపోయాయి. ఖతార్ వాళ్ల బీఇన్ స్పోర్ట్స్‌కు ఆ ప్రాంతంలో పెద్ద పెద్ద టోర్నీల హక్కులున్నాయి. ఆ ఏడాదే బీఅవుట్‌క్యూ అని ఒకటి పుట్టింది. బీఇన్ ఛానెళ్లనే తీసుకుని, తన గుర్తు పెట్టి, ఏకంగా పది ఛానెళ్లు ఉపగ్రహం నుంచే ప్రసారం చేసింది. ఎవడో గదిలో కూర్చుని వదిలే లింకు కాదిది. 2018 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ మ్యాచ్‌లు కూడా అట్లా పోయాయి. ఫిఫా, ప్రీమియర్ లీగ్ లాంటి సంస్థలు సౌదీలో కేసు వేద్దామని తొమ్మిది లా సంస్థల దగ్గరికి పోతే ఒక్కటీ కేసు పట్టలేదు. 2020 జూన్‌లో ఈ వ్యవహారం మీద ప్రపంచ వాణిజ్య సంస్థ ప్యానెల్ తీర్పు వచ్చేసరికి ఆ ప్రసారాలు ఆగిపోయి చాలా నెలలైంది. ఫిఫా కన్నా పెద్ద కస్టమర్ ఉంటుందా లాయర్లకు?

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి మనవాళ్ల గురించి చెప్పాలి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి పోయిన తమ్ముళ్లు ఇక్కడి డీటీహెచ్ బాక్సు పెట్టెలో పెట్టుకుని పోవడం నేను చాలాసార్లు విన్నాను. ఇంట్లోవాళ్లు ఇక్కడ రీచార్జ్ చేస్తారు. అక్కడ పెద్ద డిష్ పెట్టుకుని క్యాంపులో పదిమంది కలిసి తెలుగు ఛానెల్ చూస్తారు. చట్టం ప్రకారం అది తప్పు. హక్కులు దేశాలవారీగా అమ్ముతారు కాబట్టి ఇండియా బాక్సు ఇండియాలోనే వాడాలి. కానీ వాళ్లు డబ్బు ఎగ్గొట్టడం లేదు, నెలనెలా కడుతున్నారు. వాళ్లను దొంగలనడానికి నాకు నోరు రాదు. సరుకు కావాలి, అమ్మేవాడు అక్కడ లేడు, లేదా వాళ్ల జీతానికి అందే ధరలో లేడు. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ ఊళ్లో పబ్ నడిపే ఆవిడ ఒకరు ఫుట్‌బాల్ చూపడానికి గ్రీస్ దేశపు కార్డు కొని వాడారు. కేసు యూరప్ కోర్టు దాకా పోయింది. 2011 అక్టోబర్‌లో ఆ కోర్టు, వేరే సభ్య దేశం నుంచి డబ్బిచ్చి తెచ్చుకున్న కార్డును నిషేధించడం కుదరదంది. ఆవిడ మీద పడ్డ శిక్ష తర్వాత రద్దయింది.

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో ఇంకో రకం. అన్ని భారతీయ ఛానెళ్లూ ఇస్తామని బాక్సులు అమ్మారు. అట్లాంటి బాక్సుల కంపెనీ జాదూ టీవీ మీద, అక్కడి డీటీహెచ్ కంపెనీ డిష్ నెట్‌వర్క్ 2018లో అక్కడి కోర్టులో కేసు వేసింది. అదే కాలంలో యప్ టీవీ లాంటివి ఛానెళ్లతో ఒప్పందం చేసుకుని తెలుగు ఛానెళ్లను ఇంటర్నెట్‌లో అమ్మాయి. 2006లో మొదలైన ఆ సంస్థకు మన హైదరాబాద్‌లోనే పెద్ద ఆఫీసుంది. పద్ధతిగా దొరికితే కొనేవాళ్లు ఉన్నారన్నమాట. ఐపీఎల్‌నే చూడండి, 2023లో జియోసినిమాలో మ్యాచ్‌లు ఉచితంగా ఇచ్చారు. ఆ సీజన్‌లో ఫోన్లో చూసేవాడికి దొంగ లింకుతో పనేముంది?

ధర సంగతి దాచకుండా మాట్లాడుకోవాలి. ఒక ఇంట్లో అమ్మకు సీరియళ్లు, నాన్నకు న్యూస్, పిల్లలకు క్రికెట్, కార్టూన్. 2019 ఫిబ్రవరిలో కొత్త టారిఫ్ వచ్చింది, కావాల్సిన ఛానెల్‌కే కట్టమన్నారు. అప్పట్లో మొదటి వంద ఛానెళ్ల నెట్‌వర్క్ ఫీజు 130 రూపాయలు, జీఎస్టీ కలిపితే 153 దాటేది. దాని మీద పే ఛానెళ్లు. ఆ నెలల్లో మన ఆపరేటర్ల ఇళ్ల ముందు ఎంత గొడవ జరిగిందో మీకు గుర్తుంది. దానికి తోడు ఇప్పుడు ఓటీటీలు. ఒక మ్యాచ్ ఇక్కడ, ఇంకో సిరీస్ అక్కడ. మూడు చోట్ల కట్టాక కూడా కావాల్సింది నాలుగో చోట ఉంటే, కట్టే మనిషి కూడా విసుగుతో లింకు అడుగుతాడు. దొంగ దగ్గర అన్నీ ఒకే చోట ఉంటాయి. వాడికి హక్కుల ఖర్చు లేదు కదా.

ఇప్పుడు మన గురించి. ఇది చెప్పకుండా దిగితే నేను సగం అబద్ధం చెప్పినవాణ్ణి అవుతాను.

డిజిటల్ రాకముందు ఏం జరిగేది? ఛానెల్ మనిషి వచ్చి "మీకెన్ని ఇళ్లు?" అనేవాడు. మనం చెప్పిందే లెక్క. నేను పనిచేసిన మొదటి చోట రిజిస్టర్ రాసింది నేనే. రెండు రిజిస్టర్లు. ఒకటి కలెక్షన్‌ది, అందులో వీధి వీధికీ ఇళ్ల లెక్క సరిగ్గా ఉంటుంది, ఎందుకంటే కలెక్షన్ బాయ్ ఒక్క ఇల్లు వదిలినా మాకు నష్టం. రెండోది ఛానెళ్లకు చూపేది, పల్చటిది, నీలం అట్ట. ఆ పుస్తకంలో మా కాలనీ సగానికి పైగా లేదు. దాన్ని మేం తప్పనుకోలేదు. అండర్ డిక్లరేషన్ అని ఇంగ్లిష్‌లో చక్కటి పేరుంది, ఛానెల్ మనిషికీ తెలుసు, బేరం దాని మీదే నడిచేది. కంచే చేను మేసింది. హైదరాబాద్‌కు డిజిటల్ గడువు 2013 మార్చి 31 అని పెట్టింది ఎందుకో అనుకున్నారా? బొమ్మ బాగుండాలని మాత్రమే కాదు. ఇళ్ల లెక్క మన నోటి నుంచి తీసేసి బాక్సుకు ఇవ్వాలని. అయినా ఇంటి డీటీహెచ్ కనెక్షన్ ఒకటి తీసుకుని, దాని బొమ్మను కేబుల్లో కలిపి ఊరంతా ఇచ్చినవాళ్లు తర్వాత కూడా ఉన్నారు. హోటల్‌లో ఇంటి ప్యాక్ పెట్టినవాళ్లున్నారు. మనం ఇట్లా చేసిన రోజుల్లో నేర్చుకున్న కుర్రాళ్లే ఇప్పుడు ఎన్‌కోడర్ కొన్నారు. పద్ధతిగా కట్టే చిన్న ఆపరేటర్‌కు ఇది ఎంత దెబ్బో నాకు తెలుసు. ఐదు వందల ఇళ్ల ఆపరేటర్‌కు ఒక అపార్ట్‌మెంట్ మొత్తం, ఇంటర్నెట్‌లో ఛానెళ్లిచ్చే దొంగ ఐపీటీవీకి పోతే ఆ నెల మనిషి జీతం పోయినట్టే.

(సభలోంచి ఒకరు: "ఆ ఉప్పల్ ఇల్లు ఏమైంది సార్?")

చెప్తానన్నాను కదా. మర్నాడు పొద్దున్నే నేనూ, ఇంకొకరూ పోయాం. కింది పోర్షన్. అరవై దాటిన పెద్దమ్మ, ఒక్కతే ఉంటోంది, కొడుకు పుణెలో. గోడకు డీటీహెచ్ బాక్సు ఉంది, మా బాక్సు లేదు. రెండేళ్ల కిందట మా కేబుల్ మానేసి, బాక్సును కలెక్షన్‌కు వచ్చే అబ్బాయికి ఇచ్చేసిందట. అతను తీసుకుపోయాడు. సిస్టంలో ఎవరూ ఆపలేదు, ఆపితే ఆ నెల కనెక్షన్ల లెక్క తగ్గుతుంది. ఆ అబ్బాయి పని మానేసి వెళ్లిపోయాడు. బాక్సు ఎన్ని చేతులు మారిందో, ఎవరు రీచార్జ్ చేశారో, అన్నీ నగదు. కానీ రికార్డులో పేరు పెద్దమ్మది. కంపెనీ ఫిర్యాదులో ఆ పేరే పోయింది. ఆమెను రెండు రోజులు స్టేషన్‌కు తిప్పారు. రెండో రోజు నేను వెంట వెళ్లాను. "నాకు క్రికెట్టే రాదు బాబూ" అని నాకు చెప్తూ ఏడ్చింది. బాక్సు ఇచ్చేసినట్టు ఆమె దగ్గర కాగితం ఉంటే ఆ రెండు రోజులు ఉండేవి కావు.

ఇది చూడండి. చిన్న రసీదు పుస్తకం, కోఠిలో వేయించాను. బాక్సు నంబర్, తేదీ, తీసుకున్నవాళ్ల పేరు, కస్టమర్ సంతకం, రెండు కాపీలు. కింద ఒక గడి ఉంది, "సిస్టంలో ఆపిన సమయం". కస్టమర్ ముందే ఫోన్ చేసి ఆపించి, ఆ టైమ్ రాసి, పై కాపీ చించి వాళ్ల చేతిలో పెట్టాలి. పది పుస్తకాలు తెచ్చాను. పోయేటప్పుడు ఆపరేటర్లు తలా ఒకటి తీసుకోండి, అయిపోతే మీ నంబర్ రాసివ్వండి, ఇంకా వేయిస్తాను.